ఫిజిక్స్ తరగతిలో విషయావగాహనను అంచనా వేయడం ఎలా: ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే ఉపాధ్యాయులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: లెక్క సరిగ్గా చేసిన విద్యార్థికి విషయం నిజంగా అర్థమైందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి ఎంత ఎత్తుకు పోతుందో సూత్రంలో విలువలు వేసి తప్పు లేకుండా కట్టిన విద్యార్థినే, ఆ ఎత్తుకు చేరిన క్షణంలో బంతి మీద ఏ బలం పనిచేస్తున్నదని అడిగి చూడండి. "అక్కడ ఏ బలం ఉండది సార్, అందుకే ఆగుతది" అనే జవాబు చాలాసార్లు వస్తుంది. లెక్కకు మార్కులు వేసి ముందుకు పోతే ఆ జవాబు వెనకున్న అపోహ ఇంటర్మీడియట్ దాకా అతని వెంటే ఉంటుంది.

మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లోని విద్యాప్రమాణాల్లో మొదటిది విషయావగాహన. దానిని కొలిచే పని మాత్రం ఎక్కువగా నిర్వచనాలు రాయించడంతో ముగిసిపోతున్నది. కింది క్రమం 8 నుంచి 10 తరగతులను దృష్టిలో పెట్టుకొని రాసినది. జూనియర్ కళాశాల అధ్యాపకులూ ఇదే క్రమాన్ని వాడుకోవచ్చు.

1. పాఠంలోంచి ఒక్క భావనను విడదీయండి

"గమన నియమాలు" అనేది పాఠం పేరు. దానిని ఒక్క ప్రశ్నతో పరీక్షించలేము. "వస్తువు కదులుతూ ఉండడానికి బలం అక్కర్లేదు, దాని వేగం మారడానికే ఫలిత బలం కావాలి" అనేది భావన. దీనిని పరీక్షించగలము.

భావనను ఒక్క పూర్తి వాక్యంగా రాయండి. ఆ వాక్యం కింద, అది అర్థమైన విద్యార్థి ఏం చేయగలడో రాసుకోండి. ఉదాహరణకు "శ్రేణి సంధానంలో విద్యుత్ ప్రవాహం అన్ని చోట్లా ఒకటే" అనే భావనకు ఈ పట్టిక సరిపోతుంది:

☐ రెండు ఒకే రకం బల్బుల్లో ఏది ఎక్కువగా వెలుగుతుందో వలయాన్ని కలపక ముందే చెప్పగలడు.
☐ అమ్మీటరును బల్బుకు ముందు పెట్టినా వెనక పెట్టినా రీడింగు మారదని కారణంతో చెప్పగలడు.
☐ సెల్‌ను తిప్పి పెడితే బల్బుల వెలుగు క్రమం మారుతుందా అని అడిగినప్పుడు తడబడడు.
☐ ప్రవాహం ఖర్చు కాకపోతే బల్బులో ఖర్చయ్యేది ఏమిటో వివరించగలడు.

నాలుగో అంశాన్ని తప్పక ఉంచండి. మొదటి మూడింటిని బట్టీ పట్టిన విద్యార్థి కూడా నాలుగో దగ్గర ఆగిపోతాడు.

2. పిల్లల మనసులో ముందే ఉన్న అభిప్రాయాలను సేకరించండి

పిల్లలు ఖాళీ మనసుతో తరగతికి రారు. ఎడ్లు లాగడం ఆపితే బండి ఆగుతుందని వారు చూశారు. శీతాకాలం పొద్దున ఇనుప గేటు చల్లగా, చెక్క బల్ల అంత చల్లగా కాకుండా తగలడం వారికి తెలుసు. ఈ అనుభవాల్లో ఏదీ అబద్ధం కాదు. వాటి నుంచి తీసిన నిర్ధారణలోనే పొరపాటు ఉన్నది. అందువల్లనే ఆ అభిప్రాయాలు అంత గట్టిగా నిలుస్తాయి.

1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్ ప్రచురించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే బహుళైచ్ఛిక పరీక్షకు బలం ఇక్కడే ఉంది. అందులోని తప్పు ఐచ్ఛికాలు పరీక్షకుడు ఊహించి రాసినవి కావు, విద్యార్థుల్లో సహజంగా ఉండే అభిప్రాయాల నుంచి తీసుకున్నవి. మనం కూడా అదే చేయాలి.

పాఠం మొదలుపెట్టే ముందురోజు చివరి 5 నిమిషాల్లో ఒక్క ప్రశ్న ఇచ్చి, సగం కాగితం మీద ఒక బొమ్మ, రెండు వాక్యాలు రాయించండి. మార్కులు ఉండవని ముందే చెప్పండి. ఇంగ్లిష్ మీడియం తరగతి అయినా కారణాన్ని తెలుగులోనో, ఉర్దూలోనో రాయనివ్వండి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో మాట్లాడే లంబాడీలో ముందుగా పక్కవారితో చెప్పుకునే వీలు ఇవ్వండి. లేకపోతే మీరు కొలిచేది భౌతికశాస్త్రాన్ని కాదు, భాషను.

సాధారణంగా బయటపడే అభిప్రాయాలు ఇవి:

- కదిలే వస్తువు మీద కదిలే దిశలో బలం తప్పక ఉంటుంది. చేతి బలం బంతిలో నిండి, పైకి పోయేకొద్దీ అయిపోతుంది.
- రెండు వస్తువులు ఢీకొంటే బరువైనదే ఎక్కువ బలం చూపుతుంది.
- కరెంటును మొదటి బల్బు కొంత వాడుకుంటుంది, రెండో దానికి మిగిలినదే పోతుంది.
- ఇనుము సహజంగానే చెక్క కన్నా చల్లని పదార్థం.
- నీరు ఎంత లోతుంటే తేలే వస్తువును అంత బలంగా పైకి నెడుతుంది.
- కటకంలో సగభాగం మూస్తే తెర మీద ప్రతిబింబం సగమే పడుతుంది.

3. రెండు అంచెల ప్రశ్నను రాయండి

మొదటి అంచెలో ఏం జరుగుతుందని అడగండి, రెండో అంచెలో ఎందుకని అడగండి. సంఖ్యలు వద్దు. సంఖ్య కనబడగానే విద్యార్థి ఆలోచన మాని సూత్రం కోసం వెతకడం మొదలుపెడతాడు.

తొమ్మిదో తరగతిలోని తేలియాడే వస్తువుల పాఠానికి ఒక నమూనా:

*కృష్ణా నదిలో ఇద్దరు మనుషులు కూర్చున్న పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఒడ్డు దగ్గర నడుము లోతు నీటిలో, అడుగు తగలకుండా తేలుతున్నది. అదే ఇద్దరితో అది నది మధ్యలో చాలా లోతున్న చోటికి చేరింది. అక్కడ నీరు నిలకడగా ఉంది. పుట్టి నీటిలో మునిగిన భాగం ఎట్లా మారుతుంది?*

*మొదటి అంచె:* (1) తగ్గుతుంది (2) పెరుగుతుంది (3) మారదు

*రెండో అంచె, నీ కారణం:*
(అ) లోతు నీరు ఎక్కువ బలంతో పైకి నెడుతుంది.
(ఆ) లోతు ఎక్కువైతే కింద ఆసరా దూరమవుతుంది.
(ఇ) మునిగిన భాగం తొలగించే నీటి బరువు, పుట్టి, మనుషుల మొత్తం బరువుకు సమానం కావాలి. ఆ బరువు మారలేదు.
(ఈ) పుట్టిని తేలికైన వెదురుతో చేస్తారు కాబట్టి ఎక్కడైనా ఒకేలా తేలుతుంది.

సరైన జోడీ 3, ఇ. కానీ ఈ ప్రశ్నలో అసలు విలువైనది 3, ఈ అనే జోడీ. ఆ విద్యార్థి మామూలు పరీక్షలో మార్కు తెచ్చుకుంటాడు. అయితే పుట్టిలోకి మూడో మనిషి ఎక్కితే ఏమవుతుందని అడిగితే అతని కారణం దేనికీ పనికిరాదు, ఎందుకంటే వెదురు మారలేదు, మునిగిన భాగం మాత్రం పెరుగుతుంది.

చివర ఒక గీత గీసి "నా జవాబు మీద నమ్మకం: గట్టిగా ఉంది / కొంత ఉంది / ఊహించాను" అని పెట్టండి. ఈ చిన్న చేర్పు తర్వాత స్లిప్పులు చదివేటప్పుడు ఎంతో ఉపయోగపడుతుంది.

ప్రశ్నలోని సందర్భం విషయంలోనూ జాగ్రత్త అవసరం. చర్య, ప్రతిచర్యలకు లారీ ఆటోను గుద్దిన ఉదాహరణను అందరూ వాడతారు. విజయవాడ రహదారి పక్కనో, జడ్చర్ల దగ్గర బెంగళూరు రహదారి పక్కనో ఉన్న ఊళ్లలో ఇంటి మనిషిని ప్రమాదంలో పోగొట్టుకున్న పిల్లలు తరగతిలో ఉండవచ్చు. క్యారమ్ స్ట్రైకర్, కాయిన్ తీసుకోండి. స్ట్రైకర్ బరువైనది, కాయిన్ తేలికైనది. తగిలిన క్షణంలో ఒకదాని మీద ఒకటి చూపే బలాలు సమానం, ద్రవ్యరాశి తక్కువ కాబట్టి కాయిన్ త్వరణం ఎక్కువ. భావన అదే, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ప్రశ్న సిద్ధమయ్యాక సరిచూసుకోండి:

☐ లెక్క కట్టకుండా జవాబు చెప్పవచ్చా?
☐ ప్రతి తప్పు ఐచ్ఛికం కనీసం ఒక విద్యార్థి నోట వచ్చిన మాటేనా?
☐ సరైన ఐచ్ఛికం మిగతావాటి కన్నా కొట్టొచ్చినట్లు పొడవుగా ఉందా? ఉంటే కుదించండి. (పై నమూనాలో ఇ కొంత పొడవే, తరగతికి ఇచ్చేముందు "తొలగించిన నీటి బరువు మొత్తం బరువుకు సమానం" అని తగ్గించుకోవచ్చు.)
☐ "పైవన్నీ", "ఏదీ కాదు" అనేవి లేకుండా ఉందా?
☐ పాఠ్యపుస్తకంలోని బొమ్మనే మళ్లీ వాడలేదు కదా?

4. తరగతికి ముందు సామగ్రి

సగం కాగితపు స్లిప్పులు, నల్లబల్ల మీద రాయడానికి ప్రశ్న, హాజరు సంఖ్యలతో ఒక నమోదు పట్టిక. ఇంతే చాలు. బస్సు కోసం ముందే వెళ్లిపోయే పిల్లలు ఉన్న బడుల్లో ఈ పనిని చివరి పీరియడ్‌కు పెట్టకండి.

5. తరగతిలో పాటించవలసిన క్రమం

ఒక్క ప్రశ్నకు 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఈ క్రమాన్ని మార్చకూడదు.

1. ప్రశ్నను రెండుసార్లు చదివి వినిపించండి. పదాల అర్థం మాత్రమే చెప్పండి.
2. 3 నిమిషాలు నిశ్శబ్దం. ప్రతి ఒక్కరూ ఒంటరిగా జవాబు, కారణం, నమ్మకం రాయాలి.
3. ఎంచుకున్న ఐచ్ఛికం సంఖ్యను వేళ్లతో ఛాతీకి ఆనించి చూపమనండి. చేతులు పైకెత్తిస్తే ఫస్ట్ ర్యాంకు విద్యార్థి చెయ్యి లేచిన తర్వాతనే మిగతావి లేస్తాయి.
4. లెక్కపెట్టి నల్లబల్ల మూలన రాసుకోండి. ఏది సరైనదో మీ ముఖంలో కూడా కనబడనివ్వకండి.
5. సరైన జవాబులు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, అంటే 40 మంది తరగతిలో 12 నుంచి 28 మంది ఉంటే, వేరే జవాబు రాసిన వారితో జతకట్టి 4 నిమిషాలు వాదించుకోమనండి. అంతకు తక్కువైతే చర్చ వల్ల ప్రయోజనం లేదు, మళ్లీ బోధించాలి. అంతకు ఎక్కువైతే కారణాలు విని ముందుకు సాగండి.
6. మళ్లీ వేళ్లు చూపించమనండి. మారిన జవాబును స్లిప్పు రెండో వైపు రాయించండి, మొదటిది కొట్టేయకూడదు.
7. ముందుగా తప్పు జవాబుల కారణాలు వినండి, ఆ తర్వాత సరైనదానివి. చివరన మీరు చెప్పండి.

జతల చర్చతో కూడిన ఈ పద్ధతిని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ 1990ల నుంచి తన ఫిజిక్స్ తరగతుల్లో వాడి ప్రచారంలోకి తెచ్చారు. అక్కడి తరగతి గదికీ మన జిల్లా పరిషత్ పాఠశాలకూ ఎంతో తేడా ఉన్నా, ఈ పనికి కావలసినది కాగితం, వేళ్లు మాత్రమే.

చర్చ జరుగుతున్నప్పుడు బల్లల మధ్య తిరుగుతూ వినండి. అవసరమైతే ఒకటి రెండు ప్రశ్నలు అడగండి, జవాబు చెప్పకండి. పైకి విసిరిన బంతి గురించిన సంభాషణ సాధారణంగా ఇట్లా సాగుతుంది:

— బంతి పైకి పోతుంటే దాని మీద ఏ బలం ఉంది?
— మనం ఇసిరిన బలం, మేడమ్.
— ఆ బలం ఇప్పుడు ఎవరు చూపుతున్నరు?
— చెయ్యి.
— చెయ్యి బంతిని తాకుతున్నదా?
— తాకుతలేదు... మరి ఎట్ల పైకి పోతున్నది మేడమ్?

ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగండి. విద్యార్థి తన పాత అభిప్రాయంలోని లోపాన్ని తానే పట్టుకున్నాడు. ఇక్కడ మీరు వెంటనే జడత్వం గురించి ఉపన్యాసం మొదలుపెడితే ఆ క్షణం చేజారిపోతుంది. "భూమి ఆకర్షణ లేకుంటే ఈ బంతి ఏమయ్యేది?" అని అడిగి పక్క బల్లకు వెళ్లండి. చేయి వదిలిన తర్వాత, గాలి నిరోధాన్ని లెక్కచేయకపోతే, పైకి పోయేటప్పుడూ, శిఖరం మీదా, దిగేటప్పుడూ బంతి మీద ఉన్నది కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే. శిఖరం మీద వేగం సున్నా అయినా త్వరణం 9.8 మీ/సె² కిందికే ఉంటుంది. ఈ వాక్యానికి వారు సొంతంగా చేరుకోవడానికి మరుసటి పీరియడ్ దాకా పట్టినా పరవాలేదు.

6. ప్రయోగంతో పరీక్షించడం: ముందు ఊహ, తర్వాత పరిశీలన

విద్యుత్ పాఠంలో రాతపరీక్ష కన్నా ఇది బలమైన సాధనం. ఒక సెల్, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క ఇచ్చి బల్బు వెలిగించమనండి. బల్బుకు రెండు కొసలు ఉంటాయని, ఒకటి కింది బొడిపె, మరొకటి చుట్టూ ఉన్న లోహపు తొడుగు అని తెలియని విద్యార్థి వైరును సెల్ ఒక కొస నుంచి బల్బు కిందికి మాత్రమే కలుపుతాడు. మూసిన వలయం అనే భావన అతనికి అందలేదని మాటలు అవసరం లేకుండానే తెలుస్తుంది.

తర్వాత మూడు వలయాల బొమ్మలు గీయండి: ఒకదానిలో ఒక్క బల్బు, రెండోదానిలో శ్రేణిలో రెండు, మూడోదానిలో సమాంతరంగా రెండు. బల్బులన్నీ ఒకే రకం, సెల్‌లన్నీ ఒకే రకం. అయిదు బల్బులనూ వెలుగు క్రమంలో రాయమనండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్ బృందం కాలేజీ విద్యార్థులను అడిగిన ప్రశ్న ఇది. వారిలోనూ చాలామంది తప్పారు. ఆదర్శ సెల్‌కు (అంతర్నిరోధం లేదనుకుంటే) సరైన క్రమం: ఒంటరి బల్బు, సమాంతర సంధానంలోని రెండూ సమానంగా వెలుగుతాయి, శ్రేణిలోని రెండూ వాటి కన్నా మసకగా, తమలో తాము సమానంగా వెలుగుతాయి.

ఊహను రాసిన తర్వాతనే స్విచ్ వేయాలి. ముందే వెలిగిస్తే అందరూ "నేనూ అదే అనుకున్న" అంటారు.

ఈ ప్రయోగం చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి, ముందే చూసుకోండి:

☐ బల్బులు నిజంగా ఒకేలా ఉన్నాయా? ఒక్కొక్కదాన్ని విడిగా వెలిగించి జతచేయండి. తేడా ఉన్న బల్బులతో శ్రేణి సంధానం చూపిస్తే, "మొదటిది కరెంటు తాగుతది" అనే అపోహకు మీరే రుజువు ఇచ్చినట్లవుతుంది.
☐ వెలుగులో తేడా కనిపిస్తే బల్బుల స్థానాలు మార్చి చూపండి. ఎక్కడ పెట్టినా అదే బల్బు ఎక్కువ వెలిగితే కారణం స్థానం కాదు, బల్బు.
☐ 2.5 వోల్టుల బల్బులు రెండు శ్రేణిలో ఒక్క 1.5 వోల్టుల సెల్‌తో కంటికి కనబడేంత వెలగకపోవచ్చు. మూడు వలయాలకూ రెండేసి సెల్‌లు వాడండి.
☐ సెల్‌లు కొత్తవేనా? పాత సెల్ అంతర్నిరోధం ఎక్కువ కాబట్టి సమాంతర వలయంలో బల్బులు మసకబారి జవాబు తారుమారుగా కనబడుతుంది.
☐ ఎల్‌ఈడీలు వద్దు. వాటికి దిశ ఉంటుంది, ఫిలమెంటు బల్బులా ప్రవర్తించవు.

ఉష్ణం పాఠానికి రాత్రంతా ఒకే గదిలో ఉంచిన ఇనుప కమ్మి, చెక్క స్కేలు, ఒక థర్మామీటరు చాలు. ముట్టుకొని ఏది చల్లగా ఉందో రాయించి, రెండింటి ఉష్ణోగ్రతలనూ ఊహించమని, తర్వాత కొలవమనండి. రెండూ ఒకటే, ఇనుము చేతిలోని ఉష్ణాన్ని వేగంగా తీసుకుపోతుంది కాబట్టి చల్లగా తోస్తుంది. గది ఉష్ణోగ్రత శరీరం కన్నా తక్కువగా ఉండే డిసెంబరు, జనవరి ఉదయాల్లోనే దీన్ని చేయండి.

7. స్లిప్పులను నాలుగు కట్టలుగా వేరు చేయండి

- జవాబు సరి, కారణం సరి.
- జవాబు సరి, కారణం తప్పు. ఈ కట్టను అన్నిటికన్నా ముందు చదవండి. స్లిప్ టెస్టులో (మార్కులుండే చిన్న రాతపరీక్షలో) మార్కులు తెచ్చుకొని మీ కంట పడకుండా పోయేది వీరే.
- జవాబు తప్పు, కారణం సరి. తొందరపాటు గానీ, మీ ప్రశ్న వాక్యంలో గందరగోళం గానీ కారణం.
- రెండూ తప్పు. దీనిని నమ్మకాన్ని బట్టి మళ్లీ విడదీయండి. ఊహించానన్న విద్యార్థికి పాఠం మళ్లీ చెబితే సరిపోతుంది. గట్టి నమ్మకంతో తప్పు రాసిన విద్యార్థికి అదే పాఠం ఎన్నిసార్లు చెప్పినా చాలదు. అతని ఊహ విఫలమయ్యే ప్రయోగాన్ని అతని చేతనే చేయించాలి.

రెండో కట్ట నుంచి ఇద్దరినీ, నాలుగో కట్ట నుంచి ఒకరినీ విరామ సమయంలో పిలిచి 5 నిమిషాలు మాట్లాడండి. "ఎందుకు అట్ల అనుకుంటున్నవు?" అని మామూలు గొంతుతో అడగండి. సరైన జవాబు రాసినవారిని కూడా ఇట్లా అడగడం అలవాటు చేయండి. లేకపోతే ఎందుకని అడిగారంటే తప్పేనని పిల్లలు పసిగట్టి జవాబు మార్చేస్తారు.

8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*నిర్వచనం అడిగి అవగాహన కొలిచామనుకోవడం.* నిర్వచనం అప్పజెప్పిన విద్యార్థిని, అది వర్తించని ఒక సందర్భం చెప్పమనండి.

*ఈ స్లిప్పులకు మార్కులు వేయడం.* మార్కు ఉందని తెలిసిన క్షణం నుంచి పిల్లలు తమ ఆలోచన రాయడం మాని, మీకు నచ్చే వాక్యం రాస్తారు. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) నమోదుకు ఆధారం కావాలంటే ఈ వరస పూర్తయ్యాక వేరే ప్రశ్నతో స్లిప్ టెస్టు పెట్టండి.

*తప్పు జవాబును నవ్వులపాలు చేయడం.* ఒక్కసారి జరిగినా ఆ సంవత్సరమంతా మీకు నిజమైన జవాబులు రావు. కారణాలను పేర్లు లేకుండా నల్లబల్ల మీద రాసి, వాక్యాన్నే చర్చకు పెట్టండి.

*ఒకే రోజు అయిదారు భావనలు పరీక్షించడం.* ఒక పీరియడ్‌కు రెండు ప్రశ్నలకు మించవద్దు.

*సూత్రాన్ని పూర్తిగా పక్కన పెట్టడం.* లెక్కలు అవసరమే. లెక్క చేయించే ముందు "జవాబు పెరుగుతుందా, తగ్గుతుందా" అని అడిగి, ఆ తర్వాత కట్టించండి.

9. తిరిగి బోధించి, తిరిగి అడగండి

మళ్లీ అడిగే ప్రశ్నలో భావన అదే ఉండాలి, సందర్భం మారాలి. పుట్టి ప్రశ్న తర్వాత, ఒకే కోడిగుడ్డు చిన్న గ్లాసు ఉప్పునీటిలోనూ, అదే గాఢత ఉన్న బకెట్ ఉప్పునీటిలోనూ తేలినప్పుడు మునిగిన భాగం గురించి అడగవచ్చు. రెండు, మూడు వారాల విరామం ఇవ్వండి. మరునాడే అడిగితే జ్ఞాపకశక్తినే కొలుస్తారు.

తరగతి మొత్తం ఎంత ముందుకు వచ్చిందో చూడాలంటే ముందు, తర్వాత సగటు శాతాలను తీసుకోండి. పెరిగిన శాతాన్ని, పెరగడానికి అవకాశమున్న శాతంతో భాగించండి. ముందు 30, తర్వాత 58 అయితే పెరిగినది 28, అవకాశమున్నది 70, ఫలితం 0.40. ఈ కొలతను వాడి రిచర్డ్ హేక్ 1998లో అమెరికాలోని 62 కోర్సుల్లో 6,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చారు. ఉపన్యాస పద్ధతి తరగతుల సగటు సుమారు 0.23, విద్యార్థులు చర్చించి చేసి నేర్చుకున్న తరగతుల సగటు సుమారు 0.48 వచ్చింది. అవి యంత్రశాస్త్రం మీద జరిపిన పెద్ద పరీక్షల ఫలితాలు. రెండు ప్రశ్నలతో మీకు వచ్చిన సంఖ్యను వాటితో పోల్చకుండా, మీ తరగతిలోనే ఒక పాఠానికీ మరో పాఠానికీ మధ్య తేడా చూసుకోవడానికి వాడండి.

నమోదు పట్టికలో ప్రతి విద్యార్థి పేరు ఎదుట ఇవి ఉండాలి:

☐ భావన పేరు, తేదీ
☐ మొదటి జవాబు, కారణం, నమ్మకం
☐ చర్చ తర్వాత జవాబు
☐ రెండు, మూడు వారాల తర్వాత కొత్త సందర్భంలో జవాబు, కారణం
☐ విద్యార్థి సొంత మాటల్లో ఒక వాక్యం

చివరి గడిని ఖాళీ ఉంచకండి. వచ్చే ఏడాది ఇదే పాఠానికి ప్రశ్న రాసేటప్పుడు తప్పు ఐచ్ఛికాలు ఆ గడి నుంచే వస్తాయి. జూన్‌లో బడి తెరిచిన వారంలో ఈ పట్టికను పక్క మండలంలో ఇదే తరగతి చెప్పే మరో ఉపాధ్యాయునితో మార్చుకుంటే ఇద్దరికీ ప్రశ్నల నిధి రెట్టింపవుతుంది. పంపే ముందు పిల్లల పేర్లు తీసేయండి.